పాత వ్యాసం, కొత్త నీళ్లు

ఆగస్టు, శనివారం, వాన. హాజరు: సుగుణ మేడం, దశరథం, నేను.

ఈ పొద్దున కిటికీ తీయగానే చెరువు నిండి అలుగు దుంకుతున్న వాసన వచ్చింది. బురద, నాచు, పచ్చిగడ్డి కలిసిన వాసన. పై వాక్యం ఉన్న పాత డైరీ తీశాను. ఇబ్రహీంపట్నం కళాశాలలో నేను కామర్స్ చెప్పేవాణ్ని. మా పరిశోధన పత్రికకు సుగుణ మేడం సంపాదకురాలు. మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చేవారు. అందిన ప్రతి వ్యాసాన్నీ నిలబడి గట్టిగా చదివేవారు; చెవికి అబద్ధం త్వరగా తెలుస్తుందని వారి నమ్మకం. సమావేశం వివరాలు రాయడం నా పని.

ఆ రోజు దశరథం వ్యాసం వంతు. భూగోళశాస్త్రం లెక్చరర్ అతడు. పదోన్నతి ఇంటర్వ్యూ దగ్గరపడింది, అప్పటికి ఇంకొక వ్యాసం అచ్చులో చూపించాలి. మేడం చదువుతున్నారు: “ఈ ఏడు వానలు మొహం చాటేయడంతో తటాకపు అడుగు నెర్రెలు బారింది.” అక్కడ ఆగి మా కాళ్లవైపు చూశారు. ఆ పొద్దున అలుగు నీళ్లు రోడ్డెక్కడంతో ముగ్గురమూ ట్రాక్టర్ మీదే కళాశాలకు చేరాం. దశరథం ప్యాంటు ఇంకా ఆరలేదు.

సంగతి తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. కరువు ఏడాది వేరే పత్రికలో తాను వేసుకున్న వ్యాసాన్నే అతడు మళ్లీ తెచ్చాడు. పాత రాతను పట్టే సాఫ్ట్‌వేర్‌ను ఏమార్చడానికి చెరువును ఒకచోట తటాకమని, ఒకచోట జలాశయమని, ఇంకోచోట సరోవరమని మార్చాడు. సాఫ్ట్‌వేర్ ఊరుకుంది. మేడం మాత్రం మన ఊరికి ఇన్ని చెరువులు ఎవరు తవ్వించారని అడిగారు. నేను నవ్వాపుకోలేక కాగితం మీదికి వంగాను.

దశరథానికి రోషం వచ్చింది. “నేను రాసిందే మేడం. నా మాట నేను మళ్ల చెప్పుకుంటే దొంగతనమెట్లయితది?”

“దొంగవని ఎవరన్నరు? నిన్నటి పప్పు ఇయ్యాల వండినని వడ్డిస్తున్నవ్. నిన్నటిదని చెప్పి పెట్టు, తింటం.”

“గట్లయితే మీ సంపాదకీయం? ప్రతి సంచికల అదే గద.”

మేడం అలమారలోంచి పాత సంచికలు తీసి తన సంపాదకీయాలన్నీ వరసగా, అదే గొంతుతో చదివారు. ‘కొత్త ఆలోచనలకు వేదిక’ అన్న పేరాలో ఎక్కడా కామా కూడా కదల్లేదు.

“అవ్, అదే” అన్నారు.

సాకు చెప్పలేదు. సోమవారం అచ్చుకు పోయేలోగా వ్యాసమూ సంపాదకీయమూ రెండూ కొత్తగా రావాలని నాతో రాయించారు. పాత వ్యాసం సంగతి దశరథం మొదటి వాక్యంలోనే చెప్పాలి. కొత్త కొలతలు ఎంత ఉంటే అంతే వ్యాసం.

తన పొరపాటును అంత గట్టిగా చదివి వినిపించిన పై అధికారిని అంతకుముందు నేను చూడలేదు. అప్పటినుంచి కొత్త సంగతి లేని రోజున డైరీలో ‘నిన్నటి మాదిరే’ అని రాసి ఊరుకుంటున్నాను. రిటైరయ్యాక ఆ మాటే ఎక్కువగా కనబడుతోంది. ఏం చేస్తాం, నిజం అదే.

ఆ సమావేశం మరునాడు, ఆదివారం, వాన తెరిపిచ్చింది. నేను చెరువు దగ్గరికి వెళ్లేసరికి మోకాలి లోతు నీళ్లలో దశరథం టేపు పట్టుకొని వణుకుతున్నాడు. టేపు రెండో కొస ఎక్కడా నిలవక నీళ్లలో తేలిపోతోంది. గట్టు మీద మేడం, చర్చికి కట్టుకున్న తెల్లచీరలో.

“మేడం, గీ ఒక్క పేజీతోని నాకు పదోన్నతి ఇస్తరా?” అని కిందినుంచి అడిగాడు.

“ఏమో. ఇయ్యకుంటే వచ్చే ఏడు మళ్ల దిగుదాం” అని మేడం చెప్పులు విడిచి, కుచ్చిళ్లు పైకి దోపుకొని, తేలిపోతున్న ఆ కొసను పట్టుకోవడానికి నీళ్లలోకి దిగారు.