ఊటనేలకు హొన్నమ్మ సాక్ష్యం

మహేంద్రమంగళం సమీపంలోని ఆ ఊటనేల పన్నెండు ఎకరాలు. చుట్టూ మెట్ట పొలాలు. అక్కడ మాత్రం మోకాలిలోతు నీరు, జమ్ము, ఆ జమ్ములో గూళ్లు పెట్టే నీటికోళ్లు. ఈ జిల్లాలో అటువంటి చోట్లు బహు తక్కువ. దస్తరంలో మాత్రం అది ‘తరిసు’, అనగా బీడు. ఆ నేలను కొన్న ఇళ్లస్థలాల వ్యాపారి ఆ ఒక్క మాటను ఆధారం చేసుకొని ప్లాట్లకు అనుమతి కోరాడు.

హొన్నమ్మకు అరవై దాటాయి. ఆరు ఎనుములే, అంటే గేదెలే, ఆమె జీవనం. వాటి మేతా నీళ్లూ ఆ నేలలోనే. అభ్యంతరపత్రం రాసినవాడు ఆమె మేనల్లుడు మాదేష్. ‘ఈ నేల ఏనాడూ ఎండలేదు’ అని అందులో రాశాడు. అది నిజం కాదు.

“అదే మాట చెప్పు అత్తా, సాలు,” అన్నాడు విచారణకు ముందు.

“కరువులో ఎండింది నేను చూసినాను కదరా.”

జనవరిలో విచారణకు వచ్చిన అధికారిణి తెన్మొళి అడగగానే, ఏడేళ్ల కిందట ఎండిందని హొన్నమ్మ ఒప్పుకొన్నది. అప్పుడు కూడా నడుమ చెలమ తవ్వి ఎనుములకు నీళ్లు పెట్టానని, కావాలంటే వేసవిలో వస్తే చూపుతానని చెప్పింది. నిలిచినదంతా వాననీరేనని వ్యాపారి వాదన. ఆ కరువునాటి ఛాయాచిత్రం అతని చేతిలో ఉందని మాదేష్‌కు తెలియదు. ఆమె అబద్ధమాడి ఉంటే విచారణ అక్కడితో ముగిసేది.

“మన కొంప ముంచినావు కదత్తా!”

“ఎండిన నేల కొంప ఎట్ల ముంచుతాదిరా?”

ఆ ఏడు వేసవి వానలు పడలేదు. మే నెలలో తెన్మొళి తిరిగి వచ్చేసరికి నేల నెర్రెలిచ్చి ఉంది. ఎనుములు పొర్లే పల్లంలో హొన్నమ్మ స్వయంగా పార పట్టింది. మూరెడు లోతున మట్టి నల్లబడింది; కాసేపటికి నీరు ఊరింది. అధికారిణి రెండుసార్లు తోడించింది. రెండుసార్లూ ఊరింది. తరువాత నలుదిక్కులా తవ్వించింది. తూర్పు అంచున మాత్రం నడుములోతుకూ తడి తగలలేదు.

ఉత్తర్వు వచ్చేనాటికి వానలు మొదలయ్యాయి. మాదేష్ చదివి వినిపించాడు: తొమ్మిది ఎకరాలు నీటి నేల, అక్కడ ఇళ్లు కట్టరాదు, తూర్పున మూడెకరాలకు అనుమతి.

“మూడెకరాలు పోయినాయి అత్తా.”

“ఆడ ఊట లేదు కదరా. పోనీ,” అంటూ హొన్నమ్మ ఎనుములను నీళ్లలోకి తోలింది.