కూజా రౌండబౌట్

దోహలో దారి చెప్పమంటే జలంధర్ లేనివాటిని గుర్తులుగా చెప్తాడు. పాత సినిమా హాలు దాటి కుడికి తిరగమంటాడు. ఆ హాలు కూల్చేసి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు. సముద్రం వెంట సాగే కార్నిష్ రోడ్డు మీద నిలబడితే అవతలి ఒడ్డున షెరటాన్ హోటల్ ఒక్కటే కొట్టొచ్చినట్టు కనిపించే రోజుల్లో, జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చాడు మహానుభావుడు. ఇప్పుడా హోటల్‌ను అద్దాల మేడల మధ్య వెతుక్కోవాలి. ఇరవై ఆరేళ్ళుగా కంపెనీ బస్సు నడుపుతున్నాడు.

అరబ్బీ పేర్లకు నోరు తిరగక, మనవాళ్ళు కంటికి కనబడినదాన్ని బట్టి పేర్లు పెట్టుకున్నారు. బళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళే వలయం నడుమ సిమెంటు కూజా ఉన్న కూడలి కూజా రౌండబౌట్ అయింది. తర్వాత దాన్ని తీసేసి సిగ్నల్ పెట్టారు. కూజా పోయింది గానీ పేరు పోలేదు.

ఆ కూజా పక్కన కార్డు వేసి మాట్లాడే ఫోను డబ్బా ఉండేది. ప్రతి శుక్రవారం జలంధర్ తన భార్య మాలతికి అక్కడి నుంచే ఫోను చేసేవాడు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: కూజా కాడున్న. కూతురు సుమలత పుట్టిందని విన్నదీ అక్కడే. ఊళ్ళోవాళ్ళు అతను దుబాయ్‌లో ఉన్నాడనేవారు. మాలతికి దుబాయ్ తెలియదు, దోహ తెలియదు, కూజా తెలుసు.

ఇన్నాళ్ళకు నెల రోజుల వీసా మీద ఆమె వచ్చింది. రెండోనాడే కూజా చూపించమంది. జలంధర్ వెంటబెట్టుకుని వెళ్ళాడు. అక్కడ పెద్ద రోడ్డు, సిగ్నల్, ఆగిన కార్లు తప్ప ఏమీ లేవు.

"చెప్పినయన్నీ గిట్లనేనా?" అంది మాలతి, మెల్లగానే.

జలంధర్‌కు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళకోసారి సెలవు మీద వెళ్ళిన నెలలు తీసేస్తే, అతను సంసారమంతా ఫోన్లోనే చేశాడు. ఆ మాటలు అబద్ధమని ఆమె అనుకుంటే, చూపించుకోవడానికి పాపం అతని దగ్గర ఇంకేమీ లేదు. ఆ రోజుల్లో ఒక్క ఫొటో అయినా దిగలేదు.

మూల మీద ఫసీయుద్దీన్ అనే హైదరాబాదీ దర్జీ దుకాణం ఉంది. జలంధర్ నోరు తెరిచేలోపే మాలతి ఒక్కతే లోపలికి వెళ్ళి, కూజా రౌండబౌట్ ఎక్కడని అడిగింది. ముసలాయన కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే కత్తెరతో సిగ్నల్ వైపు చూపించాడు.

"గదే అమ్మా. ఫోన్ డబ్బా ఇటు పక్క ఉండె. జుమ్మా రోజు మీ తెలుగోళ్ళ లైను నా గడప దాంక వస్తుండె. నవ్వుకుంట పోయెటోళ్ళు కొందరు, ఏడ్చుకుంట పోయెటోళ్ళు కొందరు."

మాలతి కాసేపు ఆ గడప మీదే నిలబడింది. తర్వాత బయటికొచ్చి, భర్త చేతిలోని ఫోను తీసుకుని సుమలతకు కలిపింది. ఎక్కడున్నావమ్మా అని కూతురు అడిగింది.

"కూజా కాడున్న బిడ్డా," అంది మాలతి. "నువ్వు పుట్టినవని మీ నాయిన ఇన్నది ఈడనే."