గోడ వంతు

మా పెద్దమ్మ పోయింది. ఆదివారం పొద్దున చీర కట్టుకుని, జడ వేసుకుంటూ మంచం మీద ఒరిగిపోయిందట. ఆమె కొడుకు, మా అన్న ఫోన్లో ఏడుస్తూ చెబుతుంటే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. తాళం వేసిన మందిరం మెట్ల మీద కూర్చుని ఒంటరిగా ప్రార్థన చేసుకోవడానికే ఆమె ఆ చీర కట్టుకుంది. పక్కనే వేసిన రేకుల షెడ్డులో జరిగే ఆరాధనకు ఆమె ఒక్కసారి కూడా వెళ్లలేదు.

చండ్రుగొండ దాటి అడవి అంచుకు వస్తే కనిపించే మా రాతి మందిరం ఆంగ్లికన్ మిషన్ నాటిది. గుమ్మం పక్కన పలక మీద కట్టించిన దొర పేరుంది. వాగులో రాళ్లు ఏరి మోసినవాళ్లు, అడవిలోంచి టేకు దూలాలు లాక్కొచ్చినవాళ్లు, గానుగలో సున్నం ఆడించినవాళ్లు మా ముత్తాతలు, వాళ్ల ఆడవాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లకు దక్కింది గోడ వంతు. కట్టిన ప్రతి ఇంటికీ కొంత గోడ పంచారు. ఏటా క్రిస్మస్ ముందు ఎవరి వంతుకు వాళ్లు సున్నం వేయాలి. ఇంటికి కొత్త కోడలొస్తే ఆ ఏడు కుంచె ఆమె చేతికే ఇవ్వాలి.

మా వంతు బాప్తిస్మపు తొట్టి వెనక గోడ. పెద్దమ్మ ఈతమట్ట చితక్కొట్టి కుంచె చేసేది. సున్నం ఆరాక మాత్రం ఆ గోడ దగ్గర ఆమె ఎవరి మీదా దయ చూపేది కాదు.

"తలకు నూనె పెట్టుకొని గోడకు ఒరుగుతవేందే? మరక పడితే మీ నాయన తుడుస్తడా?" అని ఆరాధన మధ్యలోనే నా నెత్తిన ఒకటి వేసేది. సున్నానికి నా వేళ్లు పొక్కితే ఆ చేత్తోనే కొబ్బరినూనె రాసేది, తిట్లు ఆపకుండానే. పని ఎలా చేయాలో నాకు అలాగే తెలిసింది.

కొన్నేళ్ల క్రితం కొత్త కమిటీ వచ్చింది. మీ ఊళ్లోనూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. సెక్రటరీ బొగ్గు గనిలో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. "ఏటేటా ఈ సున్నం పూసుడేంది, నలుగురు నవ్వుతున్నరు" అని గోడలన్నిటికీ సిమెంటు పూయించి రంగు వేయిస్తానని ఆరాధన అయ్యాక అందరి ముందూ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ ఒక్కతే లేచింది.

"మా వంతు మీద మమ్ముల అడగకుంట ఎట్ల పూస్తరు?"

"అక్కా, గిప్పుడు వంతులెక్కడియి? కూసో" అన్నాడు సెక్రటరీ. అన్నట్టే పూయించాడు.

సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి ఎటు పోతుంది? వానాకాలాలు గడిచేకొద్దీ గోడలు ఉబ్బాయి, పెచ్చులు రాలాయి. అప్పుడు అదే కమిటీ మందిరం పాతబడింది, కూల్చాలి అని తీర్మానించి తాళం వేసింది. చెడగొట్టిందీ వాళ్లే, చెడిపోయిందని తేల్చిందీ వాళ్లే. సిగ్గుండాలి.

"నేను సస్తే షెడ్డుల పెట్టొద్దు బిడ్డా. మా అత్త నా చేతికి కుంచె ఇచ్చిన గుడి అది. ఆడికెల్లే తీస్కపోవాలె" అని పోయినసారి వెళ్లినప్పుడు పెద్దమ్మ నాతో అంది.

అందుకే ఊరు చేరగానే పాస్టరయ్య దగ్గరికి వెళ్లాను. ఒక్క గంట తలుపు తీయమని అడిగాను. ఆయన సెక్రటరీ వంక చూశాడు.

"పెచ్చు ఊడి ఎవలి మీదన్న పడితే జవాబు ఎవలు చెప్తరు? షెడ్డుల ఫ్యాన్లున్నయ్, కుర్చీలున్నయ్" అన్నాడు సెక్రటరీ.

"ఆమెకు ఫ్యానెందుకు?" అన్నాను. అతను షెడ్డులో కుర్చీలు వేయించడానికి వెళ్లిపోయాడు. నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

అన్నలు పెట్టెను షెడ్డుకు తీసుకుపోలేదు. మందిరం మెట్ల మీద, మూసిన తలుపు ముందు దించారు. షెడ్డులో సెక్రటరీ మైకు అందుకుని, ఈ మందిరానికి ఆమె మూలస్తంభం అని మొదలుపెట్టాడు. అప్పుడు గోడ వంతులున్న ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే కుర్చీల్లోంచి లేచి వచ్చి, షెడ్డుకు వీపు పెట్టి, తలుపు వైపు తిరిగి పాట అందుకున్నారు. మైకు ఆగిపోయింది. పగిలిన కిటికీ అద్దాల్లోంచి పాట లోపలికి వెళ్లింది. ఆ ఖాళీ మందిరం నిండా జనం కూర్చుని మాతోపాటే పాడుతున్నట్టు, తిరిగి బయటికి వచ్చింది.