పిడికిలి టీచరు

సైకిల్ షాపు మీది గదిలో సాయంత్రం పూట ఇంగ్లీషు చెప్పే ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ పని లేదు. అందరికీ ఆవిడ పిడికిలి టీచరే. అడ్వైస్ అంటే సలహా, అది చేతిలో పట్టుకునే వస్తువులాంటిది కాబట్టి పిడికిలి మూయాలి. అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, అది పని కాబట్టి తెరవాలి. బ్రెత్ ఊపిరి, మూయాలి. బ్రీద్ ఊపిరి పీల్చడం, తెరవాలి. బారెడు మీసాలున్న మగాళ్లు కూడా ఆ గదిలో చంటిపిల్లల్లా గుప్పిళ్లు మూస్తూ తెరుస్తూ కూర్చునేవారు.

"చదువు చెబుతున్నారా, కసరత్తు చేయిస్తున్నారా టీచరుగారూ?" అని కింది షాపతను మెట్ల మీంచి తొంగిచూసేవాడు.

ఈ కిటుకు ఎందుకు పనిచేస్తుందో ఆవిడకే తెలియదు. చేతులు కదపనివ్వకపోతే పాఠం నిలుస్తుందా అన్న సందేహం మాత్రం ఎప్పటినుంచో తొలుస్తూనే ఉండేది.

ఆ ఏడు ఆవిడ వదిన కూడా తరగతిలో చేరింది. వదిన ఆస్పత్రిలో ఆయా. స్ట్రెచర్లు తోసీ తోసీ మోకాళ్లు అరిగిపోయాయి. రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఒక కుర్చీ ఖాళీ అయితే, దానికి ఇంగ్లీషు పరీక్ష పెట్టారు.

"ఆ కుర్చీ దొరక్కపోతే ఇంక ఇంట్లో కూర్చోవడమే, అమ్మాయ్," అంది వదిన.

పరీక్షకు వచ్చినవాళ్లలో సగంమంది టీచరు శిష్యులే. ప్రశ్నపత్రాలు అందీ అందగానే హాలంతా గుప్పిళ్లు మూసుకుని తెరుచుకున్నాయి. సూపర్‌వైజరు అది చూసి పరుగున వచ్చాడు. సైగలతో కాపీ కొడుతున్నారనుకుని కాగితాలన్నీ లాక్కుని, ఇది నేర్పింది ఎవరో కనుక్కుని టీచరుకు కబురంపాడు.

"ఏం నేర్పారమ్మా వీళ్లకి? మూస్తే ఔను, తెరిస్తే కాదు, అంతేనా?"

"కాదు బాబూ. మూస్తే పేరు, తెరిస్తే పని," అంటూ ఆవిడ చేసి చూపించింది.

అతను సగం నమ్మాడు. "సరే, మళ్లీ రాయనిస్తాను. కానీ చేతులు కదలడానికి వీల్లేదు. ఒక చేతిలో పెన్ను, రెండోది బల్ల మీద బోర్లా."

వదిన మొహం పాలిపోయింది. "నా చెయ్యి చెబితేనే కదా నాకు తెలిసేది," అని గొణిగింది. వీళ్లకి నడక నేర్పానా, చేతికర్ర ఇచ్చానా అని టీచరుకు తన మీద తనకే కోపం వచ్చింది.

గాజు తలుపు బయట నిలబడి చూసింది. అందరూ రాస్తున్నారు. వదిన చెయ్యి బల్లకు అతుక్కుపోయింది, పెన్ను కదలడం లేదు. చాలాసేపటికి కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. ఎలాగబ్బా? టీచరు ఉండబట్టలేక, చెప్పు సర్దుకుంటున్నట్టు కిందికి వంగింది.

బల్ల కింద వదిన చెప్పులు విప్పేసింది. కాలివేళ్లు గట్టిగా ముడుచుకుంటున్నాయి, విప్పారుతున్నాయి. సూపర్‌వైజరు ఆమె చేతుల వంకే గుడ్లప్పగించి చూసి ముందుకు సాగిపోయాడు. టీచరుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు ఆవిడ తరగతికి వచ్చినవాళ్లంతా చెప్పులు మెట్ల మీదే విప్పి రావాలి. ఎందుకో అర్థంకాక షాపతను బుర్ర గోక్కుంటున్నాడు.

మొన్న కౌంటర్ దగ్గరికి వెళ్లి, "మోకాళ్లెలా ఉన్నాయి వదినా?" అని అడిగింది టీచరు.

వదిన కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకుంది.

"కాలివేళ్లు సంపాదించి పెడుతున్నాయి, అవి కూర్చుని తింటున్నాయి," అంది.