మంత్రి పోయినంక

తొంభైల చివర్ల నేను కొత్తకోటల టీచర్‌ని. కాలేజీల నాతోని చదరంగం ఆడిన దోస్తు నల్లగొండల ఉండేది. ఇద్దరం ఈమెయిల్ మీద ఆట మొదలుపెట్టినం. ఆమె పంపిన ఎత్తును ఇంట్ల బోర్డు మీద పెట్టుకొని ఆలోచించేదాన్ని. ఆదివారం మహబూబ్‌నగర్ నెట్ సెంటర్‌కు పోయి జవాబు పంపేదాన్ని.

ఒకసారి తొందరపడి మంత్రిని పోగొట్టుకున్న.

"ఇగ ఓడిపోయిన్నని ఒప్పుకోవే" అని రాసింది.

"ఒప్పుకోను. నీ ఎత్తు చెప్పు" అని రాసిన.

మరుసటి ఆదివారం నేను తయారైతుంటే అన్న నవ్విండు. "పోయిన ఆటకోసం గంత దూరం పోతవా?"

"నా రాజు ఇంకా ఉన్నడు" అని చెప్పి బస్సెక్కిన.

నెట్ సెంటర్ల కరెంటు పోతే, వచ్చేదాక కుర్చీల నుంచి లేవలే. వానకాలమంతా గట్లనే ఆడిన. గెలుపు చేతికొచ్చిందని ఆమె జర ధీమాగ ఒక ఎత్తు వేసింది. చూస్తే నా రాజుకు చెక్ లేదు, కదలనీకి జాగా లేదు. మిగిలిన బంట్లకు కూడ దారి లేదు. వేయనీకి ఎత్తే లేకుంటే ఆట డ్రా!

ఆ మాటే రాసి పంపిన. వారానికి జవాబొచ్చింది: "కోపంతోని అన్నం తినలేదే. ఇంకో ఆట పెట్టు."

అక్కడే కూసొని మొదటి ఎత్తు పంపిన.