ఓబులేసు గిటారు పలక

1953లో నంద్యాలలో ఒక వాయిద్యాల మరమ్మతు దుకాణంలో పనికి చేరాను. వీణకు మెట్లు నిలబెట్టడం నా పని. వీణ మెట్లు మైనంలో కూర్చుంటాయి. మా ఎండలకు ఏటా వేసవిలో ఆ మైనం మెత్తబడి మెట్లు ఒరుగుతాయి. కాల్చిన ఇనుప కడ్డీ తాకించి, మెట్టును మళ్లీ చోటుకు జరపాలి. చేయగా చేయగా, ఆ కడ్డీతో కానిది లేదన్న పొగరు నాకు పట్టింది. మా యజమాని ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. గిటారు ముఖం చూడకుండానే ‘సకల వాయిద్యములు బాగుచేయబడును’ అని బోర్డు రాయించాడు.

1955లో ఆ బోర్డు చూసి ఆళ్లగడ్డ ఓబులేసు కరెంటు గిటారు తెచ్చాడు. నాటకాలకు వాయించేవాడు. దాని మెడంతా ఒకటే కొయ్య. ఆ కొయ్యకే గాట్లు కోసి మెట్లు దిగగొట్టారు. లేచిన రెండు మెట్లను కడ్డీతో కాచి, పీకి, సరిచేసి కొట్టాను. చక్కగా పలికింది. నేను చెడింది అక్కడే.

1959 మే నెలలో యజమాని నన్ను ఆళ్లగడ్డకు పంపాడు. ఓబులేసు పాతది అమ్మేసి కొత్త గిటారు కొన్నాడు. ఏడో మెట్టు దగ్గర తీగ గరగరమంటోంది. మరునాడు మద్రాసులో ఒక సినిమా వాద్యబృందం వాళ్లు అతని వాయింపు వింటామన్నారు. నచ్చితే ఉద్యోగం. సాయంత్రం బస్సుకు బయలుదేరాలి.

ఇప్పుడు మెడ మీద వేరే జిట్రేగి చెక్క పలక అతికిస్తున్నారనీ, మెట్లు ఆ పలకలో ఉంటాయనీ ఓబులేసు చెబుతూనే ఉన్నాడు. నేను వింటేగా! నాలుగేళ్ల కిందట బాగుచేసింది ఎవరని ఎదురడిగాను. కడ్డీ పెట్టాను. మెట్టు కదల్లేదు. మొండిగా ఇంకా కాచాను. టప్పుమంది. అడుగున జిగురు కరిగి, పలకే మెడను వదిలి లేచింది.

మళ్లీ జిగురు పూసి, బిగించి కట్టి, రోజంతా కదపకుండా ఉంచాలి. ఆ ఒక్క రోజే అతని చేతిలో లేదు.

ఓబులేసు అరవలేదు. “అతికించిండారని మూడుసార్లు చెప్తి కదప్పా. చెవులు యాడ పెట్టింటివి?” అన్నాడు.

బస్సు వెళ్లిపోయింది. మద్రాసు వాళ్లు మళ్లీ పిలవలేదు. మరునాటికి పలక బాగానే అతుక్కుంది, అది చూసి నా మీద నాకే ఇంకా ఒళ్లు మండింది.

ఆ తరువాత ఏ వాయిద్యం వచ్చినా, కడ్డీ నిప్పుల్లో పెట్టేముందు, దీన్ని ఎట్లా కూర్చారని తెచ్చినవాళ్లనే అడిగేవాణ్ణి. అడగడానికి నిమిషం చాలు. ఓబులేసు నేను అడగకముందే మూడుసార్లు చెప్పాడు.