విరిగితేనే కొత్తది

ఏ ప్రభుత్వ బడికి వెళ్ళినా మా అమ్మమ్మ ముందు వాసన చూస్తుంది. పేటవాళ్ళంతా కలిసి నడిపే విద్యానిధికి ఆవిడే పెద్ద. నిధి ఇచ్చిన సామాను ఇంకా కొత్త వాసన కొడుతుంటే ఆవిడ మొహం మాడిపోతుంది. చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, చిన్నపిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చుని, ప్రతి వస్తువునూ వేలితో గీకి చూస్తుంది. నన్ను చదివించలేక ఓడిపోయిన కసి బళ్ళ మీద తీర్చుకుంటోందని నా అనుమానం.

మొన్న సైన్సు టీచరమ్మ మరో మూడు మైక్రోస్కోపులు అడిగింది. పాతది చూపించమనగానే బెదురుతూ తెచ్చి బల్ల మీద పెట్టింది. అద్దం పగిలింది, తిప్పే మర అరిగిపోయింది.

"పిల్లల పనేనా?" అంది అమ్మమ్మ.

"వాళ్ళనేమీ అనకండి పెద్దమ్మగారూ, నేనే చేతికిచ్చాను. ఈగ రెక్క, ఉల్లిపొర, చివరికి నా వెంట్రుక కూడా చూసేశారు." ఇక కొత్తవి రావనుకుని ఆమె పాతదాన్నే మళ్ళీ పెట్టెలో సర్దబోయింది.

అమ్మమ్మ బోసినోటితో పకపకా నవ్వింది. "పక్క బడిలో మేమిచ్చింది కొత్తపెళ్ళికూతురిలా బీరువాలో ముడుచుకు కూర్చుందే తల్లీ! వాళ్ళకి సున్నా. నువ్వు మూడడిగావుగా, ఆరు తీసుకో. ఇవీ అరగదీసి మళ్ళీ రా!"

కిటికీలకు వేలాడుతూ విన్న పిల్లలు పెట్టిన కేకకు పక్క గదిలో పాఠం ఆగిపోయింది. విరిగిన చెక్క కాంపాసును జెండాలా ఎత్తిపట్టుకుని లెక్కల మాస్టారు పరుగున వచ్చారు.